దేవుడికి రాసిన డైలాగు

కరువు కోసం చెన్నై నుంచి వచ్చిన సినిమా వాళ్లకు వీపనగండ్ల చుట్టుపక్కల ఎక్కడ చూసినా వరి కనిపించింది. మార్చి నెల. రోడ్డుకు అటూ ఇటూ నీళ్లు నిలిచిన మడులు, కొంగలు, గట్ల మీద మోటారు సైకిళ్లు. డైరెక్టరు అముదన్ కారు దిగి, నల్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, ఎవరో తనను మోసం చేసినట్టు చుట్టూ చూశాడు. పాలమూరు అంటే పగిలిన నేల, ఎండిన డొక్కలు అని ఆయన ఎక్కడో చదివి, ఆ చదువు మీదే కథంతా రాసుకున్నాడు. కాలువలు వచ్చి ఇన్నేళ్లయిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

వాళ్లకు బండ్లు, మనుషులు సమకూర్చే పని కొత్తకోటలో ట్రావెల్స్ నడిపే క్రాంతి కుమార్ ఒప్పుకున్నాడు. "కరువే కదా సార్, చూపిస్త" అని రెండు రోజులు తిప్పి, చివరికి కాలువ నీళ్లు ఎక్కని ఒక రాళ్లగుట్ట చూపించాడు. గుట్ట పక్కన ఎవరూ దున్నని చెలక. డైరెక్టరు అక్కడి మట్టిని పిడికిట్లోకి తీసుకుని వేళ్ల మధ్య నుంచి రాల్చి, కళ్లు మూసుకున్నాడు. మర్నాడే అక్కడ గుడిసె లేచింది. గుడిసె కొత్తగా ఉందని దానికి మసి పూశారు.

ఎస్తేరమ్మ ఆ రోజుల్లో గుట్టకు ఇవతల మిరపచేన్లో కాయ ఏరుతోంది. యాభై నాలుగేళ్ల మనిషి. ఎండకు మాడి బిగుసుకున్న ముఖం. సినిమా వాళ్లలో ఇద్దరు కుర్రవాళ్లు గట్టు మీద నిలబడి కూలి ఆడవాళ్లను ఒక్కొక్కరినే వేలితో చూపిస్తూ తమిళంలో మాట్లాడుకున్నారు. "ఆ చివరి ముసలమ్మను చూడు. ముఖంలో ఆకలి ఎంత బాగా కనిపిస్తోందో!" అన్నాడు ఒకడు.

ఎస్తేరమ్మ నడుము ఎత్తకుండానే తమిళంలో జవాబు చెప్పింది. "ఆకలి కాదు నాయనా. పొద్దున రెండు జొన్నరొట్టెలు తిని వచ్చిన. నా మొఖమే గట్ల."

వాళ్లు ఉలిక్కిపడ్డారు. ఆమె తమిళం పుస్తకాల తమిళం కాదు. తిరునెల్వేలి అవతల కాలువ పనుల్లో, పాలమూరు కూలీల గుంపుతో కలిసి పదకొండేళ్లు రాయి మోసి నేర్చుకున్నది. మేస్త్రీల తిట్లు, బస్సు కండక్టర్ల కసురులు, పక్క గుడారాల్లో ఆడవాళ్ల ముచ్చట్లు కలిసిన భాష. తిట్టడానికీ, బేరం చేయడానికీ, ఏడవడానికీ అది చాలు.

ఆ సాయంత్రం క్రాంతి కుమార్ ఆమె ఇంటికే వచ్చాడు. "అత్తా, నీ పంట పండింది. సినిమాల నీకు పెద్ద వేషం. దేవుడు కలిసేది నీకే."

"ఏ దేవుడు?"

"అది చెప్పరంట. అందరి దేవుడంట."

"అందరి దేవుడైతే నన్నే ఎందుకు కలుస్తడు?" అంది ఎస్తేరమ్మ. అయినా మిరప కూలికి నాలుగింతలు ఇస్తామన్నారు కాబట్టి సరేనంది. నాలుగు రోజుల పనేగా అనుకుంది.

మర్నాడు డైరెక్టరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చుని తమిళంలో కథ చెప్పాడు. నేల మీద కూర్చోవడం ఆయనకు అలవాటు లేదని ఎస్తేరమ్మ వెంటనే కనిపెట్టింది. మోకాళ్లు ఎటు పెట్టాలో తెలియక ఆయన కథ మధ్యలో మూడుసార్లు కదిలాడు. కథ ఏమిటంటే, దేవుడు బాటసారి వేషంలో నడిచి వస్తాడు. దారిలో ఒక దొంగను కలుస్తాడు, ఒక డాక్టరును కలుస్తాడు, చివరికి ఏమీ లేని ఒక ముసలమ్మను కలుస్తాడు. ముసలమ్మ ఆయనకు మంచినీళ్లు ఇస్తుంది. నీళ్లు తాగుతున్నప్పుడు ఆయన ఎవరో గుర్తుపట్టి, బోరున ఏడ్చి, కాళ్ల మీద పడుతుంది.

"ఎందుకు ఏడుస్తది?" అడిగింది ఎస్తేరమ్మ.

డైరెక్టరు ఆమె వైపు జాలిగా చూశాడు. "దేవుణ్ని చూసింది కదమ్మా."

"చూస్తే?"

ఆయన నవ్వి, ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఇలాంటి మనుషుల కోసమే తాను ఈ సినిమా తీస్తున్నానని పక్కనున్న వాళ్లతో చెప్పాడు. పక్కనున్న వాళ్లు తలలు ఊపారు. తల ఊపడమే పనిగా కనీసం పదిమంది ఉన్నారక్కడ.

దేవుడి వేషం వేసే హీరో మూడో రోజు వచ్చాడు. ఆయన బండి గుట్ట దాకా రాదంటే, చెలకలో మట్టి పోసి దారి వేశారు. దేవుడికి ఆరు జుబ్బాలు ఉన్నాయి. అన్నీ ఒకే రంగు, ఒకే కుట్టు. నడిచిన దూరాన్ని బట్టి దుమ్ము పెరగాలి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో మోతాదులో టీ నీళ్లు, ఎర్రమట్టి పట్టించి, మెడపట్టీ మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేశారు. ఆరో నంబరు దేవుడు బాగా మాసినవాడు. ఆ జుబ్బా వేసుకున్నప్పుడు మట్టి వాసన వస్తోందని హీరో లోపల ఇంకో బనీను వేసుకునేవాడు. సీను అయిపోగానే ఒకడు గొడుగు, ఒకడు చెప్పులు, ఒకడు చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాను తీసుకుని పరిగెత్తేవాళ్లు. సృష్టికర్త చెప్పులు లేకుండా నాలుగడుగులు వేసి, పల్లేరుకాయ గుచ్చుకుందని గంటసేపు బండిలో కూర్చున్నాడు.

ఎస్తేరమ్మకు మెడలో సిలువ తీసేయమన్నారు, తీసేసింది. నుదుట బొట్టు పెట్టారు, పెట్టించుకుంది. ఆ సంగతి ఎలా చేరిందో, మధ్యాహ్నానికల్లా పాస్టరు మోటారు సైకిలు మీద వచ్చి వాలాడు. విశ్వాసులైన వాళ్లు ఇలాంటి వాటిలో ఉండకూడదని ఆమెను చెట్టు నీడకు పిలిచి మందలించాడు. అంతలో సినిమా వాళ్లలో ఒక కుర్రవాడు వచ్చి, ఈ సినిమాలో దేవుడికి పేరు లేదని, బొట్టూ లేదు, సిలువా లేదు అని పాస్టరుకు వివరించాడు. పాస్టరు ముఖం మెల్లగా విప్పారింది. జనం ప్రార్థన చేసే సీను ఏమైనా ఉందా, ఉంటే ముందుండి చేయించడానికి మనిషి కావాలా అని అడిగాడు. అలాంటిది లేదుగానీ బిందె పట్టుకుని వరుసలో నిలబడేవాళ్లు కావాలన్నారు. పాస్టరు బిందె పట్టుకుని సాయంత్రం దాకా నిలబడ్డాడు.

ఎస్తేరమ్మ ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషే. కాకపోతే మాటలు లేని మరిది ఇంటికి పండగకు పోయినట్టు పోయి, వెనక వరుసలో కూర్చుని, పని అయిపోగానే లేచి వచ్చేస్తుంది. దేవుడు లేడని ఆమె ఎన్నడూ అనలేదు. ఉన్నాడనే అనుకుంటుంది. ఆయనతో మాట్లాడటం మాత్రం ఇరవై రెండేళ్ల కిందట మానేసింది.

నాలుగో రోజు ఆమె సీను. దేవుడు వచ్చి గుడిసె ముందు బండరాయి మీద కూర్చున్నాడు. ఆమె చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఆయన తాగాడు. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. అక్కడి నుంచి ఏడవాలి.

ఏడుపు రాలేదు. రెండోసారీ రాలేదు. కళ్ల కింద ఏదో మందు రాశారు, నీళ్లు కారాయిగానీ ముఖం ముఖంలాగే ఉంది. ఏడో టేకుకు ఎండ నడినెత్తికి వచ్చింది. దేవుడు విసుక్కుని గొడుగు తెప్పించుకున్నాడు.

డైరెక్టరు ఆమెను పక్కకు తీసుకుపోయి భుజం మీద చెయ్యి వేశాడు. "అమ్మా, నటించొద్దు. నీ జీవితంలో అన్నిటికన్నా పెద్ద దుఃఖం గుర్తు తెచ్చుకో. ఆ దుఃఖంలో నువ్వు పిలిచిన దేవుడు ఇన్నాళ్లకు వచ్చి నీ ముందు కూర్చున్నాడు. ఏం చేస్తావు?"

ఎస్తేరమ్మ కాసేపు గుట్ట వైపు చూసింది.

"నా పెనిమిటి మీ దేశంలనే సచ్చిండు" అంది. "బాలస్వామి ఆయన పేరు. కాలువ తవ్వుతుంటే పొద్దుగాల పొద్దుగాల మందు పేల్చిండ్రు. అందరు అయిపోయిందనుకుని లోపలికి పోయినంక ఇంకోటి పేలింది. గుట్ట ఒరిగి ఆయన మీద పడ్డది. మిషను తెస్త అని పోయిన మేస్త్రీ మల్ల రాలె. మేమే తీసినం రాళ్లు. ఒక్కో రాయి తీసుకుంట యేసయ్యా అన్న. రాయి రాయికి అన్న. గిప్పుడు వచ్చి నీళ్లు కావాలంటే, నేను ఏడువ. అడుగుత. ఆనాడు ఏడ పోయినవ్ అని అడుగుత."

మేకప్ చేసే అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డైరెక్టరు కళ్లు మెరిశాయి. అది జాలి అనుకుంది ఎస్తేరమ్మ ముందు. కాదు. కొట్టు మూసే వేళకు మంచి బేరం తగిలినవాడి కళ్లు అలా మెరుస్తాయి.

"ఇదే! ఇదే కావాలి నాకు!" అని ఆయన చేతిలోని కాగితాలు గాలిలోకి ఎగరేశాడు. "ఏడవొద్దు. నువ్వు చెప్పిందే చెప్పు. ఆయన కళ్లలోకి చూస్తూ చెప్పు. రోల్ చేయండి!"

ఆమె చెప్పింది. బాగుంది కానీ కొంచెం నిదానంగా, అన్నాడాయన. మళ్లీ చెప్పింది. "మేస్త్రీ రాలే" అన్న దగ్గర ఒక క్షణం ఆగి, గుట్ట వైపు చూసి, తర్వాత చెప్పు, అన్నాడు. ఆగి చెప్పింది. కెమెరా పక్కకు జరిపి ఇంకోసారి అన్నాడు. "యేసయ్యా" తీసేసి "దేవుడా" అనమన్నాడు. అలాగే అంది. అయిదోసారికి ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఊపిరి పీల్చాలో ఆమెకే తెలిసిపోయింది. కట్ అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఎస్తేరమ్మకు వేడిగా ఏదో చెంపల్లోకి ఎక్కింది. ఆ చప్పట్లు ఆమెకు బాగున్నాయి. ఆ ఒక్క క్షణం మాత్రం బాగున్నాయి. వెంటనే తన మీద తనకు రోత పుట్టింది. ఇరవై రెండేళ్లుగా కన్నబిడ్డకు కూడా చెప్పని మాట. మిరపకాయల బస్తాలాగా తెచ్చి వీళ్ల ముందు కుమ్మరించింది. పైగా బాగా కుమ్మరించింది.

భోజనాల తర్వాత హీరో చేతికి కొత్త కాగితం వచ్చింది. ముసలమ్మ అంత మాట అడిగినప్పుడు దేవుడు ఊరుకుంటే బాగుండదు కదా. డైరెక్టరు పెరుగన్నం తింటూ జవాబు రాశాడు. హీరో రెండుసార్లు చదువుకుని, అద్దంలో చూసుకుని, ఆరో నంబరు జుబ్బాలో వచ్చి బండ మీద కూర్చున్నాడు. ఎస్తేరమ్మ తన మాట చెప్పింది. దేవుడు చెంబు పక్కన పెట్టి, ఆమె వైపు వంగి, గొంతులో తడి నింపుకుని అన్నాడు.

"అమ్మా, నేనెక్కడికీ పోలేదు. ఆ రాళ్ల కిందే ఉన్నాను. నీ భర్తతో పాటు."

మేకప్ అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. లైట్లు పట్టుకున్నవాడు కళ్లు తుడుచుకున్నాడు. ఎస్తేరమ్మ ఇప్పుడు కాళ్ల మీద పడాలి.

"అబద్ధం" అంది ఆమె.

కెమెరా తిరుగుతూనే ఉంది. హీరో బిత్తరపోయి డైరెక్టరు వైపు చూశాడు.

"ఆ రాళ్లు తీసింది నేను. నా చేతులతోని తీసిన. కింద ఆయన తప్ప ఎవ్వడు లేడు. నువ్వు లేవు. ఉన్నది ఈదన్న. రాళ్ల పైన బోర్లపండి, సందుల నోరు పెట్టి, లోపలున్నాయనతోని పొద్దుగాల నుంచి మాట్లాడిండు. ఆయన పలుకుడు బందైనంక గూడ మాట్లాడిండు. మా కూలి గుంపులోడు, అడవిల పుట్టిన చెంచు మనిషి, మాకు సుట్టం గాదు పక్కం గాదు. ఈదన్న చేసిన పనిని నువ్వెట్ల నీ పేరు మీద రాసుకుంటవ్?"

"కట్, కట్!" అరిచాడు డైరెక్టరు. తర్వాత గొంతు తగ్గించి, నవ్వు తెచ్చిపెట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. "బాగా చెప్పావమ్మా. కానీ ఈ ఈదన్న ఎవరు? సినిమా చివర్లో కొత్త పేరు వస్తే చూసేవాళ్లు తికమక పడతారు. ఆయన్ని వదిలెయ్. దేవుడు చెప్పగానే నువ్వు కాళ్ల మీద పడితే చాలు. ఇంకేం మాట్లాడొద్దు."

"పడను."

"అమ్మా, నిజంగా కాదు, సినిమాలోనే."

"సినిమాల గూడ పడను" అంది ఎస్తేరమ్మ. అరచేత్తో నుదుటి మీది బొట్టు తుడిచేసుకుంది. వాళ్ల చీర గుడిసె వెనక విప్పి మడతపెట్టి ఇచ్చేసి, తన చీర కట్టుకుని, మిరపచేను గట్టెమ్మటి ఇంటికి నడిచిపోయింది. క్రాంతి కుమార్ వెనకాలే పరిగెత్తుకుంటూ "అత్తా, జర ఆగు, నా పేరు ఖరాబైతది" అని బతిమాలాడు. ఆమె ఆగలేదు.

సినిమా వాళ్లకు అదొక లెక్క కాదు. పక్కింటి రాములమ్మది ఇంచుమించు ఎస్తేరమ్మ ఎత్తే. ఆమెకు అదే చీర కట్టి, కెమెరా వెనక నుంచి పెట్టి, దేవుడి కాళ్ల మీద పడేశారు. రాములమ్మ ఎంత బాగా పడిందంటే, లేవమన్నా లేవలేదట.

ఏడాది తిరిగేసరికి సినిమా బయటికి వచ్చింది. తెలుగులోనూ మాటలు పెట్టి ఫోన్లలోకి వదిలారు. ఊరి గుట్ట, ఊరి మనుషులు ఉన్న సినిమా కదా, శనివారం ఆంజనేయస్వామి గుడి ముందు తెర కట్టి వేశారు. దేవుడికి పేరు లేకపోవడం అందరికీ కలిసొచ్చింది. గుడి కమిటీ పెద్ద లింగయ్య ఆ దేవుడు సాక్షాత్తూ మనవాడేనని తేల్చాడు. ఆదివారం పాస్టరు అదే తెర అడిగి తెచ్చి చర్చి ముందు కట్టించి, ఆ దేవుడు ఎవరో వేరే చెప్పాలా అన్నాడు. బిందె పట్టుకుని తాను కనిపించిన చోట ఆపి, రెండోసారి వేయించాడు.

ఎస్తేరమ్మ వెనక వరుసలో కూర్చుని చూసింది. తెర మీద తన ముఖం గోడంత ఉంది. పెదాలు కదిలాయి. వచ్చిన గొంతు మాత్రం తనది కాదు. ఎవరో పట్నం మనిషి, నున్నగా, తీయగా, ఏడుస్తూ చెబుతోంది. "ఆనాడు ఎక్కడికి వెళ్లిపోయావు స్వామీ?" దేవుడు వంగి తన డైలాగు చెప్పాడు. వెంటనే వీణలాంటిదేదో మోగింది. ఎస్తేరమ్మ చీరలో రాములమ్మ వీపు వెళ్లి ఆయన కాళ్ల మీద పడింది. చర్చి ముందు కూర్చున్న ఆడవాళ్లంతా ముక్కులు చీదారు. రాములమ్మ అందరికన్నా ఎక్కువ ఏడ్చింది.

పాస్టరు లేచి నిలబడి, "రాళ్ల కింద కూడా ఆయన ఉన్నాడు! మన ఎస్తేరమ్మ దీనికి సాక్షి!" అని రెండు చేతులూ పైకెత్తాడు. హల్లెలూయా అన్నారంతా. ఎస్తేరమ్మ లేచి ఇంటికి వచ్చేసింది. వాకిట్లో నిలబడి ఉమ్మేసింది. ఆ ఒక్క వారంలో ఆమె కాళ్లకు దండం పెట్టినవాళ్లు ముగ్గురు. ముగ్గురినీ తిట్టి పంపింది.

ఇంతవరకూ ఆమెకు అసహ్యమే తప్ప బాధ లేదు. బాధ సరితతో వచ్చింది.

సరిత ఆమె ఒక్కగానొక్క కూతురు. నాగర్‌కర్నూల్ దవాఖానలో నర్సు. నాయన పోయేనాటికి తొమ్మిదేళ్లు, ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంది. శవం లారీలో వచ్చింది. ముఖం చూపించలేదు. ఆ తర్వాత ఆ పిల్ల నాయన గురించి ఒక్క ప్రశ్న అడగలేదు, తల్లి ఒక్క మాట చెప్పలేదు. ఇద్దరూ ఆ సంగతి చుట్టూ తిరిగి నడవడం నేర్చుకున్నారు.

సరిత సినిమాను ఫోన్లో చూసి, సెలవు పెట్టుకుని వచ్చింది. వచ్చి తల్లి పక్కన గడపలో కూర్చుంది.

"అమ్మా, చిన్నప్పటి సంది నాకు ఒకటే రంది" అంది. "నాయన ఆడ చీకట్ల ఒక్కడే ఎట్లున్నడో అని. దవాఖానల ఎవరన్న ఒక్కరే సచ్చిపోతుంటే నేను పోయి చెయ్యి పట్టుకుంట, డ్యూటీ గాకపోయినా గూడ. సినిమాల దేవుడు నీతోని చెప్పిండు చూడు, ఆ రాళ్ల కిందనే ఉంటి అని, నువ్వు కాళ్ల మీద పడ్డవ్. అది విన్నంక జర పాణం నిమ్మలమైంది."

పెరుగన్నం తింటూ ఒకడు రాసిన ముక్క. అద్దంలో చూసుకుని ఇంకొకడు చెప్పిన ముక్క. తన బిడ్డ ఇరవై మూడేళ్ల దిగులుకు మందు అదా! ఊరుకుంటే పోయేదేముంది, పిల్ల నిమ్మళంగా ఉంది కదా అని ఒక మనసు అంది. ఆ మనసును కూడా ఆమె నమ్మలేదు. డైరెక్టరు కూడా అంతే కదా అన్నాడు, ఈదన్నను వదిలెయ్ అని.

"ఆ మాట నేను చెప్పింది గాదు బిడ్డా" అంది చివరికి. "అది వాళ్లు రాసుకున్నది. కాళ్ల మీద పడ్డది గూడ నేను గాదు, రాములమ్మ."

సరిత ముఖం వాడిపోయింది. "అంటే నాయన ఒక్కడే..."

"ఒక్కడే లేడు. ఎవరున్నరో చెప్త. చెప్పుడు గాదు, చూపిస్త. పా."

మర్నాడు పొద్దున ఇద్దరూ నాగర్‌కర్నూల్ పోయి, తెలకపల్లి మీదుగా లింగాల బస్సెక్కారు. లింగాల నుంచి ఆటో. ఆటో ఆగిపోయిన చోటి నుంచి నడక. అడవి అంచున చెంచుల గూడెం, వాళ్లు పెంట అంటారు. పన్నెండు ఇళ్లు. ఈదన్న ఒక ఇంటి ముందు కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. నెత్తి పూర్తిగా నెరిసింది. ఎస్తేరమ్మను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టగానే లేచి, "బాలస్వామి పెండ్లామా!" అని నవ్వాడు. ముందటి పళ్లు లేవు.

నీళ్లు ఇచ్చాడు. ఎస్తేరమ్మ సినిమా సంగతి చెప్పింది. దేవుడు రాళ్ల కింద బాలస్వామితో పాటు ఉన్నాడట అని చెప్పింది. ఈదన్న చెయ్యి బుట్ట మీద ఆగిపోయింది.

"ఆడనే ఉండెనా?" అన్నాడు ఆశ్చర్యంగా. "ఉంటే ఒక గడ్డపార పట్టకపోయిండా మరి? ఏడుగురమే ఉంటిమి. మనిషి తక్కువై సస్తిమి గదనే."

ఎస్తేరమ్మ పకపకా నవ్వింది. అలా నవ్వి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు. సరితకు నవ్వు రాలేదు. ఆమె ఈదన్నకు దగ్గరగా జరిగింది.

"తాతా, మా నాయన నీతోని ఏం మాట్లాడిండు? నా పేరు గిట్ల తీసిండా?"

ఈదన్న ఆ పిల్ల ముఖంలోకి చాలాసేపు చూశాడు. తీశాడని చెప్పు ముసలోడా, ఒక్క ముక్క, ఏం పోతుంది నీకు అనుకుంది ఎస్తేరమ్మ. అంతలోనే అలా అనుకున్నందుకు సిగ్గుపడింది.

"తియ్యలే బిడ్డా" అన్నాడు ఈదన్న. "తీసిండంటే నీకు మంచిగుంటది గాని, తియ్యలే. దూప అన్నడు. సందుల నుంచి గుడ్డ తడిపి వదిలినం, అందలే. కాలు ఏడున్నదో తెల్వదన్నడు. భయమైతుందన్నడు. నాకు ఏం చెప్పాల్నో తెల్వక, నేను తేనె తీయబోతే ఎలుగుబంట్లు ఎంటబడ్డ కథ ఎత్తుకున్న. నేను చెప్తుంటే లోపలి నుంచి తిట్టిండు."

"తిట్టిండా?"

"తిట్టిండు. పోయినసారి ఒక్క ఎలుగుబంటి అంటివి, గిప్పుడు రెండు అంటున్నవ్, లంగ మాటలు చెప్తవ్ అని. రాళ్ల కింద ఉండి గూడ లెక్క తప్పనియ్యలే మీ నాయన. నవ్విండు గూడ జర. తర్వాత పలుకుడు బందైంది. నాకు ఆపబుద్ధి గాలే. రాళ్లు తీసేదాంక చెప్పుకుంటనే ఉన్న."

సరిత తల వంచుకుంది. భుజాలు కదిలాయి. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని తల్లి వైపు తిరిగింది. "నువ్వెందుకు మాట్లాడలే అమ్మా ఆయనతోని?"

"నేను మాట్లాడుకుంట కూసుంటే రాళ్లు ఎవరు తీస్తరు?" అంది ఎస్తేరమ్మ. కరుకుగానే అంది. ఆ తర్వాత గొంతు దానంతటదే తగ్గింది. "తొందరగ తీస్తే బతుకుతడనుకున్న. ఆయన నవ్విండని నాకు ఇయ్యాల దాంక తెల్వదు."

సరిత తల్లి చేతిని తన ఒళ్లోకి లాక్కుంది. రాళ్లు తీసిన చెయ్యి, మిరపకాయలకు మండే చెయ్యి. ఎస్తేరమ్మ వెనక్కు తీసుకోలేదు.

"తాతా" అంది సరిత ఈదన్నతో. "మరి ఎలుగుబంట్లు ఒకటా, రెండా?"

"రెండే!" అన్నాడు ఈదన్న రోషంగా. "ఒకటి రాతిగుండు మీద, ఒకటి కింద. తాడు పట్టుకున్న మా బామ్మర్ది ఉన్నడు సూడు, ఆడు ముందుగాల ఉరికిండు..."

బుట్ట పక్కన పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.